దండగ లైను

నేనింతవరకు కథ కాదు కదా, ఉత్తరం ముక్క కూడా రాసి ఎరగను. చదివింది ఐదో తరగతి. విన్నది విన్నట్టు చెబుతున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి.

చీపురుపల్లి దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఇందుమతి అనే అమ్మాయి ఉండేది. చురుకైనదే గాని, తనకు అర్థం కానిదల్లా అక్కర్లేనిదనుకునేది.

ఆ కాలేజీలో కంప్యూటరు మీద లెక్కలు చేయించేవారు. ఉత్త కూడికలు కాదు, ఎక్స్ అనీ వై అనీ అక్షరాలుండే బీజగణితం. ఏ లెక్కకి ఏ మాట కొట్టాలో, బ్రాకెట్టు ఎక్కడ పెట్టాలో అప్పలస్వామి మాస్టారు నేర్పేవారు. ఒక్క కామా తప్పినా కంప్యూటరు ఎర్రటి అక్షరాలతో తిట్టిపోసేది. ఇందుమతి అవన్నీ ఇట్టే పట్టేసింది.

"లెక్క లెక్కకీ ముందు ఈ లైను కొట్టండర్రా" అని మాస్టారు ఒకటి రాయించారు. అది కొడితే తెర మీద ఏమీ వచ్చేది కాదు. ఇందుమతి రెండుసార్లు చూసి, నోట్సులోంచి దాన్ని తీసేసింది.

"అదెందుకు తీసేశావే?" అంది పక్కన కూర్చునే నూకరత్నం.

"కొడితే ఏమైనా వస్తోందా? దండగ!"

"మాస్టార్ని అడుగుదామే."

"అడిగి మొద్దు అనిపించుకో. నాకు పనుంది."

రోజుకొక్క లెక్క చేసి కంప్యూటరు కట్టేసేవారు. అందుకే ఆ లైను లేని లోటు ఎవరికీ తెలియలేదు. ఇందుమతి నోట్సు పొట్టిగా ఉందని క్లాసంతా జిరాక్సు తీయించుకుని బట్టీపట్టారు.

పరీక్ష వచ్చింది. సగం మందికి ఆ రోజు, మిగతా సగానికి మర్నాడు. తప్పితే ఏడాది ఆగాలి. ఈసారి రెండు లెక్కలు ఒకదాని వెంట ఒకటి చేయాలి. మొదటిదాంట్లో ఇందుమతి ఎక్స్ విలువ రెండని కంప్యూటరుకి చెప్పి జవాబు రాబట్టింది. రెండోది, ఎక్స్ స్క్వేర్ మైనస్ ఐదు ఎక్స్ ప్లస్ ఆరుని కారణాంకాలుగా విడగొట్టడం. కొట్టింది. తెర మీద సున్నా వచ్చింది. సున్నా రాసి, అందరికంటే ముందు లేచింది.

పరీక్ష పెట్టడానికి వచ్చిన మేడమ్ కాగితం చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఇదేంటమ్మా? తొమ్మిదో తరగతి పిల్లైనా ఎక్స్ మైనస్ రెండు, ఎక్స్ మైనస్ మూడు అంటుందే! నీ ఎక్స్ ఏమైపోయింది?"

"కంప్యూటరు సున్నా అంది మేడమ్."

"అనదూ మరి? ఎక్స్ అంటే రెండని ఇందాక నువ్వే చెప్పావు. పాత విలువ చెరిపే లైను కొట్టలేదు. అది ఇంకా రెండే అనుకుంటోంది. నాలుగులోంచి పది తీసి ఆరు కలుపు, ఏమొస్తుంది?"

ఇందుమతి వేళ్ల మీద లెక్క కట్టింది, సున్నాయే. వెనక్కి తిరిగింది. నూకరత్నం తెర మీద సున్నా. ఆ పక్క తెర మీదా సున్నా. ఆ వరసంతా సున్నాలే!

సాయంత్రానికి పదకొండు మంది తప్పారని తెలిసింది.

"కంప్యూటర్లు పాడైపోయుంటాయే, ఏమంటావ్?" అని ఏడుస్తూ అడిగింది నూకరత్నం. ఇందుమతి తన నోట్సు తీసి చూసుకుంది. మిగతా సగం మంది ఇళ్ల దగ్గర అదే జిరాక్సు చదువుతున్నారు. చెబితే తల కొట్టేసినట్టవుతుంది. చెప్పకపోతే వాళ్లూ మునుగుతారు.

మర్నాడు పొద్దున్నే ఆమె ల్యాబు గుమ్మం దగ్గర నిలబడింది. వచ్చినవాళ్లను వచ్చినట్టే ఆపి, వాళ్ల కాగితాల మీద ఆ లైను తన చేత్తో రాసింది.

"కంప్యూటర్లు బాగానే ఉన్నాయి. ఇది అర్థంకాక నేనే తీసేశాను" అంది.

"నోట్సు పైన నీ పేరు మాత్రం పెద్దక్షరాల్లో వేసుకున్నావుగా!" అని దెప్పిందొకమ్మాయి.

ఇందుమతి ఆ మాట పడి, తరవాతి కాగితం అందుకుంది.

అర్థం కానిది కనిపిస్తే అడిగి తెలుసుకోవాలి గాని, అక్కర్లేదని తీసిపారేస్తే మనతోపాటు మనల్ని నమ్మినవాళ్లూ మునుగుతారు.