ఓడలదొర వల

సముద్రం కూడా కలలు కనే ఒకానొక రాజ్యంలో, మంచు విడేవేళకి చచ్చిన చేపపిల్లలు రాలిన మల్లెల్లా ఒడ్డుకు తేలి వచ్చేవి.

"నా ఓడలు తెచ్చేవన్నీ పెద్ద చేపలే ప్రభూ! పిల్లల్ని పట్టి పారేసేది ఆ తెప్పలవాళ్లే. తెప్పలు ఆపించండి," అన్నాడు రాజుతో ఓడలదొర కేశవరాయుడు.

తెప్పలు ఆగితే జాలరిపేటలో పొయ్యి వెలగదు. వలలల్లే పరదేశమ్మ సభకొచ్చి నిలబడింది.

"దొరబాబూ, మీ వలలో పిల్లలు పడనే పడవా?"

"ఒక్కటీ పడదే!"

"అయితే మారాజా, అందరి వలలకీ ఒకే కొలత పెట్టండి. వల కన్ను నా పిడికిలి దూరేంత ఉండాలి. చేపపిల్లలు ఈదుకుంటూ బయటికి పోతాయి."

రాయుడు అదిరిపడ్డాడు. "పిడికిలంతా? పడ్డవాటిలో సగం జారిపోవూ!"

రాజు కళ్లు చిట్లించాడు. "అన్నీ పెద్దవేనన్నావుగా, జారిపోయే ఆ సగం ఏమిటి?"

పిడికిలి కొలతే ఆ పూట శాసనమైంది. తెప్పలు ఆగలేదు.

"నా వలలో సగం పోయిందే," అని గొణిగాడు రాయుడు.

"ఎలాగూ పారేసేవే కదా బాబూ," అంది పరదేశమ్మ, "ప్రాణంతో పోనీండి."