కత్తిడేగ సంతకం

మామిడితోపు చివర ఒక పశువుల పాక. పాక వెనక మట్టిగోడ మీద వారానికో గోడపత్రిక. తాటాకుల మీద బొగ్గుతో రాసిన కథలూ కబుర్లూ దానికి గుచ్చుతారు. సంపాదకుడు ముసలి ఎద్దు గంగులు. నెమ్మదస్తుడు, మంచివాడు. గోడ నెత్తిన “అక్షరం అందరిదీ” అని పెద్దగా రాయించింది కూడా అతనే. కానీ నినాదాలు గోడకు అంటుకున్నంత సులువుగా బుర్రకు అంటుకోవు.

పొదిగే గుడ్లు మాయమవుతున్నాయని చుక్కల పెట్ట చుక్కమ్మ ఒక ఆకు రాసి తెచ్చింది. గంగులు పేరు చూశాడు, పక్కన పెట్టాడు.

“పెట్టల గోడు ఎవరు చదువుతారమ్మా? పిల్లలకు నూకలు ఎలా పెట్టాలో రాయి. అడుగున ఓ మూల వేస్తా.”

“పదకొండు గుడ్లు పోయాయి మావయ్యా! ఇంకో తొమ్మిది నా కింద ఉన్నాయి.”

“గుడ్డు పెట్టినప్పుడూ అరుస్తారు, పోయినప్పుడూ అరుస్తారు. దేనికని పరిగెత్తాలి?”

చుక్కమ్మ ఆకు తీసుకుని వెనక్కి వెళ్లింది. అదే గోడును కథగా మార్చి, కింద ‘కత్తిడేగ’ అని పందెం పుంజుల పేరు ఒకటి పెట్టి, ఎవరూ చూడటం లేదనుకుని గోడ కింద వదిలింది.

గంగులు చదివి తోక ఆడించాడు. “ఆహా, ఏం పౌరుషం! ప్రతి వాక్యం కాలు దువ్వుతోంది!”

‘గుడ్ల దొంగ’ సీరియల్ నడిగోడకెక్కింది. అప్పటికి దొంగెవరో చుక్కమ్మకూ తెలియదు. రోజూ కాపు కాసేది, చూసింది రాసేది. తోపంతా అదే చర్చ. మేకలు నెమరు మాని చదివాయి. కావలి కుక్క సింగడు కూడా, “ఎవడో గానీ వదలకూడదు” అన్నాడు మూతి నాక్కుంటూ.

సొమ్మొకడిది, సోకొకడిది. ఒకరోజు పుంజు దొరబాబు దిబ్బెక్కాడు.

“ఎవరికీ చెప్పొద్దనుకున్నా. అందరూ ఇంతలా అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా. కత్తిడేగను నేనే.”

ఎవరూ సాక్ష్యం అడగలేదు. నెత్తిన ఎర్రటి తురాయి ఉంది, చాలదూ? చివరి భాగం సభలో చదివి, దొరబాబుకి జొన్నకంకుల దండ వేయాలని తీర్మానం చేశారు.

ఈ రహస్యం చుక్కమ్మ నోట విన్న ఒకే ఒక్క ప్రాణి బాతు బంగారమ్మ. ఆమెకు ఒళ్లు మండింది.

“వెళ్లి అడగవేం వదినా? నోరు మూసుకోవడం కూడా నేరమే!”

“నేను అడిగితే కుళ్లు అంటారు. నువ్వు సాక్ష్యం చెబితే ఆడవాళ్లంతా ఏకమయ్యారంటారు.”

“అయితే ఆ దండ వాడి మెడలో పడాల్సిందేనా?”

“పడనీ. నిజం వాడి నోటితోనే కూయిస్తా. కానీ వదినా, దొంగెవరో నాకు తెలిసిపోయింది. చివరి ఆకు చదివాక నేను మిగులుతానో లేదో. ఆ పూట నా గూడు కాస్త నువ్వు చూడు.”

సభ రోజు వచ్చింది. దొరబాబు దిబ్బ మీద, మెడలో దండ. పక్కన బందోబస్తుకి సింగడు.

“చివరి భాగం తమరే చదవండి,” అన్నాడు దొరబాబు గంగులుతో. “నా గొంతు పొద్దున్నే కూసి అలిసిపోయింది.”

ఆ పొద్దున గోడ కింద దొరికిన ఆకును గంగులు అందుకున్నాడు. “‘దొంగ బయటినుంచి రాలేదు. కంచే చేను మేసింది. తల్లి నీళ్లకి వెళ్లొచ్చేలోగా గుడ్లు మింగి, పెంకులు గడ్డివాము పడమటి పక్కన పాతిపెట్టేది...’” అతను ఆకును మరోసారి చూసుకున్నాడు. “‘...కావలి కుక్క సింగడు.’”

సింగడు లేచాడు. “ఎవడ్రా ఇది రాసింది?”

అందరూ దొరబాబు వైపు చూశారు.

“నేనా? నేను... అంటే... ఏదో సరదాకి...”

“కత్తిడేగవి నువ్వే కదరా?” కోరలు బయటపడ్డాయి.

దొరబాబు ఎగిరిన ఎగురుకి దండ తెగి కంకులు రాలాయి. “నేను కాదు బాబోయ్! నాకు అక్షరమ్ముక్క రాదు! ఒక్క గుడ్డు మీద ఒక్క క్షణం కూర్చున్న పాపాన పోలేదు, నాకేం తెలుసు? ఆ చుక్కమ్మే రాసింది! ఆకు తెచ్చి గోడ కింద పెడుతుంటే ఈ కళ్లతో చూశా!”

చుక్కమ్మ ముందుకు వచ్చింది. సింగడి ఎదురుగా నిలబడింది.

“విన్నారుగా. రాసింది నేనే. సింగన్నా, కరవాలంటే ఇక్కడే, ఇందరి ముందే కరిచెయ్. మావయ్యా, నువ్వు వెళ్లి ఆ గడ్డివాము పక్కన తవ్వు.”

గంగులు కొమ్ముతో తవ్వాడు. పెంకులు గుట్టగా బయటపడ్డాయి. సింగడు తోక ముడిచాడు. మేకలు కొమ్ములు వంచి అతన్ని తోపు అవతలిదాకా తరిమాయి.

“గుడ్లు ఎన్ని మిగిలాయమ్మా?” అడిగాడు గంగులు.

“రెండు. ఆ రోజు నువ్వు చదివి ఉంటే తొమ్మిది.”

గంగులు తవ్విన పెంకులను కొమ్ముతో ఒకచోటికి చేర్చాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “ఇకమీద నువ్వే రాయి తల్లీ. పేరు మాత్రం కత్తిడేగ అనే ఉంచు. జనానికి అలవాటైంది.”

“వద్దు మావయ్యా. మీరు దారి మూసేస్తే గోడ దూకడానికి వేసుకున్న నిచ్చెన అది. ఇక గుమ్మంలోంచే వస్తా.” చివరి ఆకు మీద కత్తిడేగను కొట్టేసి, చుక్కమ్మ అని రాసింది.

నెల తిరిగేసరికి గోడ దగ్గర చుక్కమ్మ ఆకులకే గుంపు. ఒకరోజు గోడ కింద కొత్త ఆకు కనబడింది. రాసింది ‘ముద్దుల పెట్ట’ అట. గంగులు ఈసారి పేరు చూడలేదు. చదవడం మొదలుపెట్టాడు: “గుడ్డు పెట్టిన వెంటనే నేను దిబ్బెక్కి, తురాయి సవరించుకుని, నలుదిక్కులూ దద్దరిల్లేలా కూశాను...”

“ఒరే దొరబాబూ,” కేకేశాడు గంగులు, “అక్షరాలు నేర్చావు సరే, వచ్చి నీ ఆకు తీసుకుపో!”

రాతను వదిలి పేరు చూసే కళ్లకు ఎదుటనున్న రచయితా కనబడదు, పక్కనున్న దొంగా కనబడడు.