మంగతాయి గుమ్మంలో రేగుకంప

అనగనగా ఒక అడవిలో, మూడు దారులు కలిసే చోట, ఇప్పచెట్టు మీద ఒక గోరింక ఉండేది. ఎవరికేం కావాలన్నా ముందు దాన్నే అడిగేవారు. తేనె ఎక్కడుందంటే చెప్పేది. గూడు అల్లేదెవరంటే చెప్పేది. ఎప్పుడు అడిగినా మూడు పేర్లు చెప్పేది. అడిగినవాళ్లు మాత్రం మొదటి పేరు చెవిన పడగానే పరుగు తీసేవారు.

ఆ అడవిలోనే మంగతాయి అనే ముంగిస ఉండేది. కాల్లో దిగిన ముల్లు తీసి పసరు కట్టడంలో ఆమె చెయ్యి చాలా మంచిది. వైద్యం చేయించుకున్నవాళ్లు తెచ్చే తిండితోనే ఇద్దరు పిల్లలను పెంచుతోంది. కానీ ఆ ఏడు ఎండాకాలం సగం గడిచినా ఒక్కరూ రాలేదు.

"తొలకరి దాకా చూస్తాను. అప్పటికీ ఎవరూ రాకపోతే ఏరు దాటి ఇంకో అడవికి పోవాల్సిందే" అనుకుంది. కానీ పిల్లలకింకా ఈత రాదు.

ఒకరోజు నేరుగా వెళ్లి గోరింకను నిలదీసింది.

"ఏమ్మా గోరింకమ్మా, నా పేరు ఒక్కసారైనా ఎవరికైనా చెప్పావా?"

"నువ్వేం చేస్తావో తెలిస్తే కదా తల్లీ చెప్పడానికి!"

"రోజూ పొద్దున్నే అందరి గుమ్మాల మీదుగా ఎగురుతావే! నా గుమ్మానికి కట్టిన పలక చదవలేదా?"

"చదివాను. 'వ్రణచికిత్సా శిరోమణి నిలయం' అని ఉంది. ఆ మాటతో ఇంతవరకూ నన్నెవరూ ఏదీ అడగలేదు."

మంగతాయికి రోషం వచ్చింది. "అది మా తాతగారి బిరుదు!"

"తాతగారికో దండం. ముల్లు గుచ్చుకుని ఏడ్చేవాడికి బిరుదు గుర్తొస్తుందా? సరే, నీ గుమ్మం చుట్టూ ఏముంది?"

"రేగుకంప. పిల్లల మీదికి నక్కలు రాకుండా నేనే పేర్చాను."

"అంటే ముల్లు తీయించుకోవడానికి వచ్చేవాడు ముళ్లలోంచి నడిచి రావాలన్నమాట!"

మంగతాయి ఇంటిదారి పట్టింది.

మర్నాటి నుంచి మూడు పొద్దులు ఆమె ఇప్పచెట్టు కింద కూర్చుంది. వచ్చేవాళ్లు ఏమని అడుగుతున్నారో శ్రద్ధగా విన్నది. మొదటిరోజు ఒక దుప్పి, "కాల్లో ముల్లు దిగింది, తీసేవాళ్లున్నారా?" అంది. రెండోరోజు ఒక కణితి జింక, "గిట్టలో పుల్ల ఇరుక్కుంది" అంది. మూడోరోజు ఒక ముసలి తోడేలు, "పాదం వాచిపోయింది, పసరు కట్టేదెవరు?" అని మూలిగింది. గోరింక మొదటి పేరు చెప్పగానే ముగ్గురూ మంగతాయి వైపు చూడకుండానే అటు వెళ్లిపోయారు.

మంగతాయి ఇంటికొచ్చి తాతగారి పలక దించింది. ఇంకో పలక మీద ఇలా రాసింది: "ముల్లు దిగితే తీస్తాను. గిట్టలో పుల్ల ఇరుక్కుంటే లాగుతాను. వాచిన పాదానికి పసరు కడతాను." పిల్లల కోసం లోపలికి ఇంకో అర తవ్వింది. రేగుకంపనంతా దాని చుట్టూ జరిపింది. గుమ్మం ముందు దారి అడవిపంది పట్టేంత వెడల్పు చేసింది. ఆ పనికి ఆమె గోళ్లు అరిగిపోయాయి.

అది చూసి రంగనాయకులు అనే పునుగుపిల్లి నవ్వుకుంటూ వచ్చింది. వైద్యుణ్ణని చెప్పుకునేవాళ్లలో గోరింక చెప్పే మొదటి పేరు ఈ రంగనాయకులుదే.

"ఇంత కష్టమెందుకు చెల్లెమ్మా? నా పలక మీద 'ముల్లు, ముల్లు, ముల్లు' అని వందసార్లు రాశాను. దగ్గు, జ్వరం, తోకనొప్పి కూడా కలిపాను. పది కోతులకు పళ్లు పెట్టాను. అవి రోజూ వెళ్లి గోరింకతో 'రంగనాయకులంత వైద్యుడు లేడు' అంటాయి. నీకూ నాలుగు కోతులను పంపనా?"

"ఇంతకీ నీకు ముల్లు తీయడం వచ్చా అన్నా?"

"కూర్చోబెట్టి కబుర్లు చెప్పడం వచ్చు. ముల్లుదేముంది, అదే ఊడుతుంది!"

మంగతాయి ఆలోచనలో పడింది. వానలు దగ్గరపడుతున్నాయి. లోపల పిల్లలు ఆకలితో నకనకలాడుతున్నారు. ఒక్కసారి సరే అంటే చాలు. కానీ ఆ పిల్లలే గుమ్మంలోంచి తల బయటపెట్టి ఆమెనే చూస్తున్నారు.

"వద్దన్నా. నాకొచ్చిన పనే చెప్పుకుంటాను" అంది.

తర్వాత పది రోజుల్లో వచ్చింది ఇద్దరే. ఒక కుందేలు, ఒక అడవికోడి. ఇద్దరికీ ఓపికగా ముల్లు తీసి కట్టు కట్టింది. వెళ్లేటప్పుడు, "తగ్గితే ఆ మాట గోరింకకు చెప్పండి. తగ్గకపోతే అదీ చెప్పండి" అంది.

ఇంతలో ఆకాశంలో మబ్బులు పట్టాయి. ఆ రోజే ఒక అడవిపంది కుంటుతున్న బిడ్డతో ఇప్పచెట్టు కిందికి వచ్చింది.

"నువ్వు చెప్పావనే కదా రంగనాయకులు దగ్గరికి వెళ్లాం! మూడు రోజులు కబుర్లు చెప్పాడు. నా బిడ్డ కాలు చూడు ఎలా వాచిందో!" అని గోరింక మీద విరుచుకుపడింది.

గోరింక తల దించుకుంది. అప్పుడు దానికి తట్టింది. మెచ్చుకుంటూ వచ్చిన పది కోతుల్లో ఒక్కదాని కాలికైనా కట్టు లేదు. మంగతాయిని మెచ్చుకున్న కుందేలు కాలికి, కోడి కాలికి కట్లున్నాయి.

"తప్పు నాది తల్లీ. మంగతాయి దగ్గరికి పద" అని తనే దారి చూపింది.

మంగతాయి ముల్లు తీసింది. నాలుగో రోజుకు పందిపిల్ల గెంతులేసింది. గోరింక రంగనాయకులు పేరు చెప్పడం మానేసింది. మంగతాయి పేరు ముందుకు తెచ్చింది. తొలకరి చినుకు పడిన పొద్దున ఆమె గుమ్మం ముందు ఐదుగురు తడుస్తూ నిలబడ్డారు. పిల్లలకు కడుపునిండా తిండి దొరికింది. ఇక ఏరు దాటే అవసరం రాలేదు.

సాయంత్రం గోరింక కనబడితే మంగతాయి ఆత్రంగా అడిగింది. "రేపు కూడా మొదటి పేరు నాదేనా?"

"రేపటి మాట ఇవాళ చెప్పను. పొద్దున్నే మళ్లీ నీ గుమ్మం మీదుగా ఎగురుతాగా, అప్పుడు చూస్తాను" అంది గోరింక.

"చూసుకో, భయమేముంది!" అని మంగతాయి చీపురు అందుకుంది.

నీతి: అవసరమున్నవాళ్ల మాట విని, వాళ్లు వచ్చే దారి బాగుచేసి, చెప్పిన పనిని నిజంగా చేసేవాళ్ల పేరే ముందు నిలుస్తుంది, అదీ రోజూ చేస్తేనే.