విడి అడుగుల పోలమ్మ

ఉత్తరాంధ్ర కొండల అంచున, వెలగవలస దాటాక రోడ్డు ఒక కొండవాగు దగ్గర ఆగిపోతుంది. ఇక్కడివారు దాన్ని గెడ్డ అంటారు. ఆవలి గట్టున నల్లరాతి గుహలో పోలమ్మ తల్లి వెలసి ఉన్నది. బస్సు దిగిన భక్తులు కాళ్లు కడుక్కుని, ఎనభై గజాల వేలాడే వంతెన మీదుగా అమ్మను చేరుకుంటారు. వంతెన కొంచెం ఊగుతుంది. భయపడవలసిన పని లేదు, తల్లులారా. దర్శనానికి ఇంకా వ్యవధి ఉన్నది కనుక నీడన కూర్చుని ఈ కథ వినండి.

పూర్వం ఇక్కడ వంతెన లేదు. మేకలు కాసుకునే ఒక పెద్దాయన తప్పిపోయిన మేకను వెదుకుతూ గెడ్డ దాటి, గుహలో అమ్మ రూపాన్ని చూశాడట. ఊళ్లోకి తెచ్చి నిలుపుకుందామంటే అమ్మ ఒప్పుకోలేదు. తన దగ్గరికి మీరే రావాలని కలలో చెప్పింది. అమ్మ పండుగ ఆషాఢంలో. గెడ్డకు కొత్తనీరు వచ్చేదీ ఆషాఢంలోనే. ఘటం ఎత్తిన మనిషి ముందు, జనం వెనుక, తాడు పట్టుకుని నడుము లోతు నీటిలో దాటేవారు. కొన్ని ఏళ్లు అందరూ తిరిగి వచ్చేవారు. కొన్ని ఏళ్లు కొందరు రాలేదు.

అలా రానివారిలో మజ్జి అప్పలసూరి తల్లి ఒకరు. ఆ అప్పలసూరి పెరిగి పెద్దవాడై, సైన్యంలో వంతెనలు కట్టే దళంలో చేరాడు. అక్కడే ఇంజనీరింగు చదివాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో, ఒక నది ఒడ్డున మందుపాతర పేలి ఎడమ మోకాలు చెడింది. సుబేదారుగా పదవీ విరమణ చేసి, కుంటుకుంటూ ఊరు చేరాడు. పట్నంలో కొలువులు పిలిచినా పోలేదు. చెడిన బోరింగులు బాగుచేసేవాడు, ముసలివాళ్లకు అర్జీలు రాసిపెట్టేవాడు. ఆపైన ఇంటింటికీ తిరిగి, వారానికి ఒక పూట పని అడిగాడు. ఊరంతా మూడు వేసవులు రాళ్లు మోసి, ఉక్కు మోకులు లాగి వంతెన నిలబెట్టింది. మూడు వందల మంది ఒకేసారి ఎక్కినా తట్టుకునేటట్టు సుబేదారు లెక్క కట్టాడు.

ఇక్కడే, నాయనలారా, అంతటివాడూ ఒక సంగతి మరిచాడు. ఘటం ముందు తప్పెటగుళ్లు ఆడటం ఇక్కడి ఆచారం. ఇరవై మంది గొల్లలు గుండెకు తప్పెటలు, కాళ్లకు గజ్జెలు కట్టి, ఒకే కాలు లేచినట్టు, ఒకే కాలు పడినట్టు ఆడతారు. నీళ్లలో ఆడలేరు గనుక, గెడ్డ దాటేటప్పుడు మాత్రం ఆ ఆట ఆగేది. ఇప్పుడు నీళ్లలో దిగే పని లేదు, వంతెన ఉంది. ఇక ఆపడం ఎందుకు?

వంతెన నిలిచాక వచ్చిన మొదటి పండుగకు నాలుగు రోజుల ముందు సుబేదారుకు ఈ సంగతి తట్టింది. తప్పెటగుళ్ల జట్టు గురువు కోన తవిటయ్య దగ్గరికి పోయి, సైన్యంలో వంతెన ఎక్కేముందు కవాతు ఆపించి ఎవరి అడుగు వారిని వేయమంటారనీ, అడుగులన్నీ కలిస్తే వంతెన ఊగి ఊగి తెగుతుందనీ చెప్పాడు. తవిటయ్యకు నవ్వు ఆగలేదు. "యుద్ధంలో దెబ్బ కాలికే తగిలిందనుకున్నాం బాబూ, బుర్రకీ తగిలినట్టుంది. నా జట్టు అడుగు తప్పడమా? అమ్మ ముందరా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. సుబేదారు తిరిగి వచ్చాడు.

పండుగనాడు గెడ్డ గట్టులు ఒరుసుకుని పారుతున్నది. ముందు తవిటయ్య జట్టు, వెనుక నెత్తిన ఘటంతో ఊరి పెద్దామె ఎర్రమ్మ, ఆ వెనుక పిల్లాజెల్లా, అంతా కలిపి రెండు వందల పైచిలుకు. ఘటం మీద దీపం వెలుగుతున్నది. గడప దాటిన ఘటం గుహ చేరేదాకా ఆగరాదని నియమం. ఆట సగం వంతెన దాటేసరికి చెక్కలు అలల్లా లేచి పడసాగాయి. వెనుక గట్టున మోకును పట్టి ఉంచిన ఇనుప కడ్డీ కిర్రుమన్నది. ఇది అమ్మ పూనకమని జనం ఇంకా ఉత్సాహపడ్డారు.

ఆవలి గట్టున నిలబడి ఉన్న సుబేదారు ఎంత అరిచినా ఒక్కరికీ వినబడలేదు. కర్ర పారేసి, మోకు పట్టుకుని కుంటుతూ ఎదురువచ్చాడు. వచ్చి, అరచేయి చాచి తవిటయ్య గుండె మీది తప్పెటను అదిమిపట్టాడు.

గురువు తప్పెట ఆగితే జట్టు ఆగుతుంది. ఇరవై తప్పెటలూ ఆగాయి. అమ్మ తప్పెట మీద పరాయి చేయి! తవిటయ్య కళ్లెర్రజేసి చేయి ఎత్తాడు. అప్పుడు వెనుకనుంచి ఎర్రమ్మ గొంతు వినిపించింది.

"ఒరే తవిటీ, చెయ్యి దించరా. తెల్లారగట్ల అమ్మ నాకు కల్లో కనబడింది. ఈ వంతెన మీదే, కుంటుకుంటూ వచ్చింది. కీడేమోనని ఎవలికీ చెప్పలేదు. అమ్మ నడిచి చూపించిందిరా. ఎవల అడుగు వాలు ఎయ్యండి."

అని, ఘటం ఆగకుండా, తానే ఒక కాలు ఈడ్చుతూ జట్టును దాటి ముందుకు నడిచింది. ఒకరు రెండడుగులు వేస్తే ఒకరు ఒకటి, ఒకరు ఆగితే ఒకరు కదులుతూ, ఊరు ఊరంతా ఆమె వెంట నడిచింది. వంతెన మెల్లమెల్లగా నెమ్మదించింది. చివరి మనిషీ గట్టెక్కాడు. తలలు లెక్కపెట్టారు. రెండు వందల ఏడుగురు, ఒక్కరూ తగ్గలేదు. ఘటం మీద దీపం కొండెక్కలేదు. అప్పుడు ఏడ్చినవారు ఏడ్చారు, నవ్వినవారు నవ్వారు. తల్లి పోయిన నాటినుంచి కన్నీరు పెట్టని సుబేదారు కూడా గుహ ముందు చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

మరునాడు చూస్తే ఇనుప కడ్డీ ముప్పాతిక వంతు విరిగి ఉన్నది. తవిటయ్య దాన్ని తడిమి తడిమి చూసి, "మా ఆట ఇంత గట్టిదా బాబూ?" అన్నాడు.

"గట్టిదే గురువా. నేను జనం బరువుకు లెక్క కట్టాను గానీ, నీ ఆటకు కట్టలేదు. తప్పు నాది," అన్నాడు సుబేదారు.

తవిటయ్య సుబేదారు అరచేతిని తీసుకుని తన తప్పెట మీద పెట్టుకున్నాడట.

ఆ ఏటినుంచి పోలమ్మ తల్లికి విడి అడుగుల అమ్మ అని పేరు. సుబేదారు ఎనభై రెండేళ్లు బ్రతికి, ఏటా పండుగకు ముందు కడ్డీలన్నీ తానే తట్టి చూసేవాడు. ఇప్పుడు ఊరి యువకులు చూసి, బాగున్న ప్రతి కడ్డీకీ పసుపు పూస్తారు. వంతెన మొదట్లో గురువు తన తప్పెట మీద అరచేయి ఉంచి ఆట ఆపుతాడు. నడక ఆలస్యమైన పసివారినీ, కాలు విరిగి కోలుకుంటున్నవారినీ ఇక్కడికి తెస్తే అమ్మ వారి అడుగు నిలబెడుతుందని నమ్మకం.

కనుక భక్తులారా, మీతో కుంటివారు, ముసలివారు, తప్పటడుగుల పిల్లలు ఉంటే వెనుక నిలబెట్టకండి. ఈ వంతెన మీద ముందు నడిచే హక్కు వారిదే. మనమంతా వారి వెనుకే అమ్మ దగ్గరికి క్షేమంగా చేరుకుంటాము.