సన్నాయి ఆగిన ముహూర్తం

చిలకలూరిపేటలో కోటిలింగం అనే సన్నాయి విద్వాంసుడు ఉండేవాడు. తన సన్నాయి పీకల మీద చూపే ఓపికలో పిసరంతైనా తన ఒంటి మీద చూపేవాడు కాదు. నోట పెట్టుకుని ఊదే ఆ పీకలను రెల్లుతో తానే చేసుకునేవాడు. ఉడకబెట్టి, నీడన నెలల తరబడి ఆరబెట్టి గానీ ఊదేవాడు కాదు. ఈలోగా ఎవరైనా ముట్టుకుంటే ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు.

ఒకసారి మోటారు సైకిలు మీద నుంచి పడి ఆయన పైవరస ముందు పన్ను ఊడింది. గాలి పక్కకు పోయి స్వరం నిలవలేదు. దంతవైద్యురాలు హైమవతి దవడ ఎముకలో చిన్న స్క్రూ బిగించి, దాని మీద తాత్కాలికంగా ఒక పన్ను తొడిగింది.

“ఎముక ఈ స్క్రూను పట్టుకోవడానికి నెలలు పడుతుంది. రమ్మన్నప్పుడల్లా వచ్చి చూపించుకోండి. నేను చెప్పేదాకా సన్నాయి ముట్టుకోవద్దు,” అంది.

మొదటిసారి వెళ్ళాడు. నొప్పి తగ్గాక మానేశాడు. ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తే, “నొప్పే లేనప్పుడు ఏం చూస్తారమ్మా? నొప్పొస్తే నేనే వస్తా,” అనేవాడు.

మాఘమాసం వచ్చింది. పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. డోలు వాయించే బావమరిది సింహాద్రి అడిగాడు.

“బావా, డాక్టరమ్మ ఊదమందా?”

“ఆవిడకు కల్యాణి తెలుసా, కాంభోజి తెలుసా? పన్ను నాది. ఎప్పుడు ఊదాలో నాకు తెలుసు.”

“పన్ను నీదే బావా. స్క్రూ ఆవిడది.”

సాధన చేస్తుంటే పన్ను కాస్త కదిలినట్టనిపించింది. నాలుకతో తడిమి చూసుకుని ఊరుకున్నాడు.

పెళ్ళి పందిట్లో పురోహితుడు చెయ్యెత్తి గట్టిమేళం అన్నాడు. పెళ్ళికొడుకు తాళి అందుకున్నాడు. కోటిలింగం బుగ్గలు పూరించి పై స్థాయిలో ఊదాడు. నోట్లో ఏదో పుటుక్కుమంది. సన్నాయి ఆగిపోయింది. పన్ను, దానితోపాటు స్క్రూ, ఎగిరి డోలు మీద పడ్డాయి. తెల్లటి లాల్చీ మీద నెత్తురు కారింది. అక్షింతలు వేయబోయిన చేతులు గాలిలోనే ఉండిపోయాయి. సింహాద్రి మాత్రం కర్ర ఆపలేదు. డోలు ఒక్కటే మోగుతుండగా మూడు ముళ్ళూ పడ్డాయి.

“తాళి కట్టే వేళ సన్నాయి ఆగిపోవడమా,” అంది పెళ్ళికూతురి నాయనమ్మ. కోటిలింగానికి గాయం కన్నా ఆ మాటే ఎక్కువగా గుచ్చుకుంది.

మర్నాడు హైమవతి ఎక్స్‌రే తీసి చూసింది.

“చుట్టూ ఉన్న ఎముక కూడా పోయింది. మొదట అది పెరగాలి. తర్వాతే కొత్త స్క్రూ. ఏడాది పైనే పడుతుంది.”

“ఊడేదాకా నొప్పే లేదు కదమ్మా,” అన్నాడు కోటిలింగం, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని.

“స్క్రూ వదులవుతుంటే ఒక్కోసారి నొప్పే తెలియదండీ. అందుకే రమ్మన్నాను.”

సింహాద్రి ఉండబట్టలేకపోయాడు. “పచ్చి పీక ఊదితే పాడవుతుందని అందరినీ తిట్టేవాడివి. పచ్చి ఎముక మీద నువ్వెట్లా ఊదావు బావా?”



ఆ ఏడాది పెళ్ళిళ్ళలో సింహాద్రి డోలు పక్కన వేరొకరి సన్నాయి మోగింది. కోటిలింగం మాత్రం పిలిచిన ప్రతిసారీ, నొప్పి లేకపోయినా, ఆసుపత్రి తలుపులు తియ్యకముందే వెళ్ళి మెట్ల మీద కూర్చునేవాడు. చివరికి హైమవతి “ఇక ఊదుకోండి” అన్న రోజున కూడా ఆయన కుర్చీ లోంచి లేవలేదు.

“మళ్ళీ ఎప్పుడు రమ్మంటారమ్మా?” అని అడిగాడు.

నొప్పి తగ్గినంత మాత్రాన వైద్యం పూర్తయినట్టు కాదు. వైద్యులు చాలు అనేదాకా ఓపిక పట్టినవారికే అది ఫలిస్తుంది.