పసుపు ముడి శాలువా

అనగనగా ఒక కొండ అడవిలో, రాళ్లు కూడా చలికి వణికే చోట, మాచమ్మ అనే గిజిగాడి పిట్ట ఉండేది పిల్లలూ. మిగతా పిట్టలు గూళ్లు అల్లితే, మాచమ్మ శాలువాలు నేసేది.

ఎండలు మొదలవగానే కొండమేకలు ముళ్లకంపలకు ఒళ్లు రుద్దుకుని పాత ఉన్ని రాల్చుకుంటాయి. మాచమ్మ ఆ ఉన్నిని ముక్కుతో ఏరుకొచ్చేది. ఏడాదికి నాలుగో అయిదో శాలువాలు అయ్యేవి. ప్రతి శాలువా అంచుకూ ఒక చిన్న పసుపు ముడి వేసేది. అది ఆమె గుర్తు.

ఒకసారి అడవి రాణి ఆడసింహం ఆ శాలువా కప్పుకుని సభకు వచ్చింది. అంతే, గొప్పవాళ్లందరికీ పసుపు ముడి శాలువాయే కావలసివచ్చింది.

మాచమ్మ పోయాక ఆమె శాలువాల దుకాణం మనవరాలు పైడి చేతికి వచ్చింది. పైడి మంచి పనిమంతురాలు. పది పిట్టలను పనిలో పెట్టుకుంది. అమ్మకం నెమలి చూసుకునేది. వచ్చినవాళ్లందరికీ మాచమ్మ కథ చెప్పి, "ప్రతి పోగూ ముళ్ల మీంచి ఏరిందే" అనేది. ఉన్ని తెచ్చే పని కోటయ్య అనే కొండముచ్చుది.

మొదటి ఏడు కోటయ్య రెండు మూటలు ఎక్కువ తెచ్చాడు.

"ఇంత ఉన్ని ఎక్కడిది కోటయ్య మామా?" అని పైడి అడిగింది.

"కొత్త కొండ దొరికిందమ్మా," అన్నాడు కోటయ్య. పైడి సంతోషించింది.

రెండో ఏడు పది మూటలు తెచ్చాడు. పైడి ఒక పోగును ముక్కుతో పట్టి చూసింది. దాని కొస కోసినట్టు మొద్దుగా ఉంది. రాలిన ఉన్ని అలా ఉండదు.

"ఇది రాలినదేనా మామా?"

"మెత్తగా ఉందా లేదా అమ్మా?"

"మెత్తగానే ఉంది," అంది పైడి. ఇంకేమీ అడగలేదు. కానీ ఆ రోజంతా ఆమె మనసు మనసులో లేదు.

మూడో ఏడు నడి చలికాలంలోనే మూటలు వచ్చాయి. చలికాలంలో ఏ మేకా ఉన్ని రాల్చదు. ఆ సంగతి పైడికి తెలుసు. కానీ రాణిగారి కూతురి పెళ్లికి నలభై శాలువాలు కావాలి. నోరు మెదపకుండా నేయించింది. ముప్పై పూర్తయ్యాక ఇంకో మూట విప్పితే, ఉన్నికి ఎండిన నెత్తురు అంటుకుని ఉంది.

ఇక ఉండలేక పైడి కొండ మీదికి ఎగిరింది.

అక్కడ మేకలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. వాటి వీపుల మీద ఉన్ని లేదు. గాట్లున్నాయి. రంగి అనే మేక తన పిల్లను పొట్ట కింద దాచుకుంది. పిల్ల గజగజ వణుకుతోంది.

"ఎవరు చేశారు అత్తా?" అని అడిగింది పైడి.

"కొండముచ్చులు. పదునైన రాళ్లతో కోసుకుపోయాయి. ఎవరో శాలువాలు నేస్తారట. నీకు తెలుసా?"

పైడి తల దించుకుంది. "నేనే," అంది.

దుకాణానికి తిరిగి వచ్చి కోటయ్యను నిలదీసింది. కోటయ్య మెల్లగా అన్నాడు: "రాలిన ఉన్ని అయిదు శాలువాలకు సరిపోతుంది. మీరు నలభై అడిగారు. అది ఎక్కడి నుంచి వస్తుందనుకున్నారమ్మా?"



నెమలి పైడిని పక్కకు పిలిచింది. "తప్పంతా కోటయ్యదే అందాం. అతణ్ణి మాన్పించేద్దాం. నేసినవి ఎలాగూ నేశాం, పెళ్లికి పంపేద్దాం. లేకపోతే మీ నాయనమ్మ పేరు ఏమైపోతుంది?"

నాయనమ్మ పేరంటే పైడికి ప్రాణం. చాలాసేపు ఆలోచించింది.

"కోసింది అతనే," అంది చివరికి. "కానీ కోసిన పోగును నేను నా ముక్కుతో పట్టి చూశాను. చూసి కూడా నేశాను." తర్వాత కోటయ్య వైపు తిరిగింది. "ఈ శాలువాలు ఎత్తుకో మామా. ఎవరి ఉన్ని వాళ్లకే ఇచ్చేద్దాం."

కోటయ్య కాసేపు తటపటాయించాడు. తర్వాత మూట భుజానికెత్తుకున్నాడు. ఆ సాయంత్రానికి మేకల వీపుల మీద ముప్పై శాలువాలున్నాయి.

మర్నాడు పైడి సభకు వెళ్లి జరిగిందంతా చెప్పింది.

"ఇన్నాళ్లూ మాకు ముళ్ల కథ చెప్పావు కదా," అన్నాడు చిరుతపులి.

"అవునండీ. అబద్ధం చెప్పాం," అంది పైడి.

ఇక ఏ మేకనూ ఎవరూ ముట్టకూడదని రాణి ఆజ్ఞాపించింది. పైడితో మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు. దుకాణానికి అందరూ రావడం మానేశారు. నెమలి వెళ్లిపోయింది. పది పిట్టల్లో మూడే మిగిలాయి.

పైడి రోజూ కొండకు వెళ్లి మేకల గాట్లకు ఆకుపసరు రాసేది. ఒకరోజు రంగి అంది: "క్షమించానని ఇప్పుడే అనలేనమ్మా. ముందు పిల్ల కోలుకోవాలి."

"సరే అత్తా," అంది పైడి.

ఎండలు వచ్చాయి. పిల్ల లేచి గెంతడం మొదలుపెట్టింది. ఆ ఉదయం రంగి తానే దుకాణం ముందుకు వచ్చి నిలబడింది. "కంపల మీద కాస్త ఉన్ని రాలింది. వెళ్లి ఏరుకో పైడీ," అంది.

ఆ ఏడు ఒకే ఒక్క శాలువా అయింది. దాన్ని చూడడానికి రాణి వచ్చింది.

"వచ్చే ఏడు ఎన్ని నేస్తావు?" అని అడిగింది.

"నేను చెప్పలేను రాణీ. అది మేకలు చెప్పాలి," అంది పైడి.

శాలువా కోసం రాణి కంటే ముందు వచ్చిన ముసలి కుందేలు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. రాణి వెళ్లి దాని వెనక వరసలో నిలబడింది.

నీతి: మన సొగసు కోసం ఎవరు బాధపడుతున్నారో తెలిసీ అడగకపోవడం తప్పే. ఆ తప్పు ఒప్పుకుని దిద్దుకున్నవారికే మంచి పేరు దక్కుతుంది.