పొర చించే వేళ

"స్వామీ, ఆ దేవుడికీ నాకూ మధ్య మీరెందుకు?"

అడిగినవాడు పినాకపాణి. అడిగింది తన గురువు సిద్ధేశ్వరయ్యగారిని, ఏటి ఒడ్డున ఆశ్రమంలో, గోశాల గుమ్మం దగ్గర. పొగరుతో అడగలేదండీ, పాపం. ఏళ్ల తరబడి సేవ చేసినవాడు. ఇక ఎవరి అండా లేకుండా కొండల్లోకి పోయి తపస్సు చేసుకుందామని ఆ ఉదయమే గట్టిగా అనుకున్నాడు. అయ్యగారు ఊ అంటే ఆ పూటే బయలుదేరతాడు.

అయ్యగారికో అలవాటు ఉంది. ప్రశ్న పెద్దదయ్యేకొద్దీ ఆయన మాట చిన్నదవుతుంది. "తొలిచూలు ఆవుకు నొప్పులొస్తున్నాయి. వచ్చి కూర్చో" అన్నారు.

గోశాల చూసుకునే మంగతాయమ్మ గడ్డి పరుస్తూ నవ్వింది. "దేవుడి దగ్గరికి ఒక్కడివే పోతావట కదా బాబూ. ముందు ఆవు దగ్గరికి రా, భయపడకుండా."

పాణి వచ్చి కూర్చున్నాడు. ఆవు పడుకుంది, లేచింది, మళ్లీ పడుకుంది. కాసేపటికి తోక కింద నీళ్లు నిండిన తిత్తి ఒకటి, ఎండ తగిలి మిలమిలా మెరుస్తూ జారింది. పాణి, దూడకు ఇదే అడ్డం, చించేస్తే బయటపడుతుంది అనుకుని చెయ్యి చాచాడు. అయ్యగారు మణికట్టు పట్టుకున్నారు.

"ముట్టుకోకు. దారి తెరిచేది అదే."

పట్టిన చెయ్యి వదలకుండానే చెప్పుకొచ్చారు. "పోయిన నెల ఈ ఆవు గట్టు మీద జారి పొట్ట మీద పడింది. మర్నాడే దూడ లోపల గంతులేసింది. ఆ దెబ్బ కాచుకున్నది ఉమ్మనీరు. ఇక మావి ఉంది. అందులో తల్లి నెత్తురూ దూడ నెత్తురూ పక్కపక్కనే పారతాయి, కలవవు. తిండీ ఊపిరీ అటునుంచి ఇటొస్తాయి, మలినం ఇటునుంచి అటు పోతుంది. దూడ ఇంతవరకు ముక్కుతో ఒక్క శ్వాసైనా తీయలేదు. అయినా ఊపిరికి లోటు లేదు."

చెయ్యి వదిలి అయ్యగారు గుమ్మం దగ్గరికి జరిగారు. పాణి ఒళ్లు పులకరించింది. తన ప్రశ్నకు జవాబు దొరికిందనుకుని రెండు చేతులూ జోడించాడు. కానీ వినండి, అసలు చిక్కు అక్కడే వచ్చింది.

తిత్తి దానంతటదే పగిలింది. ముందు రెండు గిట్టలు, వాటి మీద ఆనించుకున్న మూతి, ఆ వెనక భుజాలు. ఒక్క ఊపున దూడ మొత్తం గడ్డి మీద పడింది. బొడ్డుతాడు తెగింది. శివశివా, ఎంత ముద్దుగా ఉందనుకున్నారు, నల్లటి ఒళ్లు, నుదుట తెల్లచుక్క. కానీ కదలదే. మూతి మీద ఆ తిత్తి తాలూకు పలచటి పొర తడిగుడ్డలా అతుక్కుపోయి ఉంది. తొలిచూలు తల్లి కదా, నాకాలని తోచక బెదిరిపోయి చూస్తోంది. దాని తల పట్టుకుని ఆపడమే మంగతాయమ్మకు సరిపోయింది. దూడకు చేరువలో ఉన్నది పాణి ఒక్కడే.

అతను చేతులు జోడించుకునే ఉన్నాడు. ఇంతకాలం దూడను కాచిన పొర, పైగా ముట్టుకోవద్దని గురువుగారి మాట. దూడ ముక్కుపుటాల దగ్గర పొర లోపలికి పీల్చుకుపోయి, అక్కడే ఆగిపోయింది.

"చించు" అన్నారు అయ్యగారు.

"మీరే కదా స్వామీ, ముట్టుకోవద్దని..."

"అది అప్పుడు. ఇప్పుడు చించు."

పాణి వేళ్లు పొరలోకి దిగాయి. ఒక్క లాగున ఊడబెరికి, మూతిమీది జిగురు పైపంచెతో తుడిచాడు. "గడ్డిపరక ముక్కులో పెట్టి తిప్పు బాబూ" అని మంగతాయమ్మ కేకేసింది. తిప్పాడు. దూడ తుమ్మింది. తుమ్మి, ఒళ్లంతా ఒక్క విదిలింపు విదిలించి ఊపిరి తీసింది. పాణి పకపకా నవ్వేశాడు, కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. అప్పటికి తల్లికీ సంగతి తెలిసింది. మెడ వంచి నాకడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నానికి మావి కూడా జారిపడింది. మంగతాయమ్మ దాన్ని గడ్డిలో చుట్టి, మేడిచెట్టుకు కట్టి రమ్మని పాణి చేతికిచ్చింది. పాలు కారే చెట్టుకు కడితే ఆవుకు పాలు దండిగా పడతాయని అక్కడివాళ్ల నమ్మకం. బరువైన ఆ మూటతో పాణి వెళుతుంటే, దూడ పొదుగు వెతుక్కునే హడావుడిలో ఇటు కన్నెత్తి కూడా చూడలేదు. పాణి అది గమనించాడు. గమనించి, అయ్యగారి ముందు ఆగాడు.

"స్వామీ, మరి నేను బయలుదేరనా?"

చెంబుతో చేతులు కడుక్కుంటున్న అయ్యగారు తలెత్తలేదు.

"నీ తిత్తి ఇంకా పగలలేదు నాయనా. పగిలిన రోజున, నువ్వు దణ్ణం పెట్టి బతిమాలినా నీకూ దేవుడికీ మధ్య నేను ఆగను."